మే నెలలో కుక్కతులసి

ఉదయం తొమ్మిదీ పదికి సి.ఐ. రంగనాయకులు నా ముందు గంప పెట్టించాడు. కానిస్టేబులు దాన్ని బల్లమీద దించుతున్నంత సేపూ ఆయన కుర్చీలోంచి లేవలేదు, చేతిలో పేపరు మడవలేదు. సి.ఐ.డి. నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కి లోకల్ స్టేషన్లో జరిగే మర్యాద ఇంతే. పదకొండేళ్ళ అలవాటు కాబట్టి నా కుర్చీ నేనే లాక్కుని కూర్చున్నాను. ఆ స్టేషన్ పేరు ఇక్కడ రాయను. ముద్దనూరు రోడ్డులో అలాంటివి ఇంకా ఉన్నాయి.

"చూసుకోండి దేవపాలు గారూ. సాయంత్రం నాలుగుకి జమ్మలమడుగు కోర్టులో మా కస్టడీ పిటిషను వస్తుంది. ఈలోగా మీ ముచ్చట తీర్చుకోండి" అన్నాడు.

కేసు ఇదీ. 1992 మే 9, శనివారం, ఉదయం 6:40. కొత్తకొట్టాల దగ్గర వంకలో, ఆ ఎండిన వాగులో, మాజీ సర్పంచ్ ఓబులేసు జీపు బాంబులకు బద్దలైంది. ఓబులేసు అక్కడికక్కడే పోయాడు. డ్రైవరు వెంకటేశు కాళ్ళకు గాయాలతో బయటపడ్డాడు. 7:05కి రంగనాయకులు చేరుకున్నాడు. 7:30కి, వంకకు అర కిలోమీటరు దూరంలో, గొర్రెలకాపరి ఆదెన్న గుడిసె చూరు కింద ఈ గంప దొరికింది. అందులో పేలని బాంబులు రెండు. ఆదెన్నను అప్పుడే సంకెళ్ళు వేసి తెచ్చారు. సాయంత్రానికి అవతలి పార్టీవాళ్ళు పద్నాలుగు మంది పేర్లు ఎఫ్.ఐ.ఆర్.లోకి ఎక్కాయి. మా సీమలో ఒక పార్టీ మనిషి చస్తే, చంపినవాడెవడని ఆలోచించే ముందు ఎదుటి పార్టీలో ఎవరెవరు జైల్లో ఉంటే మనకు వీలు అని ఆలోచించి ఫిర్యాదు రాస్తారు. ఈ పద్నాలుగు మందిలో రెండేళ్ళుగా పక్షవాతంతో మంచం దిగని ముసలాయన కూడా ఉన్నాడు.

ఆ పద్నాలుగు మందికీ ఆదెన్నకూ ముడి వేయాలి. ఆ ముడి ఆదెన్న నోటితోనే వేయించాలి. అందుకు ఐదు రోజుల కస్టడీ అడుగుతున్నాడు రంగనాయకులు. ఐదు రోజులు ఆయన చేతికి చిక్కితే ఆదెన్న ఎవరి పేరు చెప్పమంటే వాళ్ళ పేరు చెబుతాడు. చెప్పకపోతే ఆరో రోజు 'గుండెపోటు' అని రాసుకుంటారు. నాకున్న గడువు సాయంత్రం నాలుగు. ఆదెన్న భార్య నాగులమ్మ పెట్టుకున్న అర్జీ వల్లే నేను వచ్చాను. నేను వచ్చేటప్పటికే ఆమె వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఆదెన్నను గంపతో కలిపేది ఏమిటి, అతని గుడిసెలో దొరకడం తప్ప?" అడిగాను.

"తులసి." రంగనాయకులు పేపరు పక్కన పెట్టాడు. "బాంబులు కదలకుండా గంప నిండా పచ్చి తులసి పరిచారు. పంచనామాలో రాశాం. ఊళ్ళో ఆదెన్న ఇంటి తులసికోటలో కొమ్మలు కోసిన గుర్తులు తాజాగా ఉన్నాయి. అక్కడినుంచీ ఒక కొమ్మ సీజ్ చేశాం. రెండూ పక్కపక్కనే పెట్టుకుని చూడండి."

వరండాలోంచి నాగులమ్మ గొంతు వినిపించింది. "జరమొచ్చి నేనే కోసుకుంటి సార్, కసాయానికి. చెప్తే ఎవురు వింటాండారు?"

నేను ప్రొద్దుటూరులో బి.ఎస్సీ. బోటనీ చదివాను. ఆ చదువు పోలీసు ఉద్యోగంలో అంతవరకు నాకు ఒక కప్పు టీ కూడా సంపాదించి పెట్టలేదు. జేబులోంచి భూతద్దం తీస్తే కానిస్టేబులు నవ్వు ఆపుకున్నాడు.

రెండూ ఐదు రోజులకు ఎండిపోయి ఉన్నాయి. అయినా చెప్పవలసింది చెబుతూనే ఉన్నాయి. రెండింటికీ కాడ నాలుగు పలకలుగా ఉంది. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా పుట్టాయి. పూలు కంకి చుట్టూ అంతస్తులుగా ఉన్నాయి. రంగనాయకులు ఇంతవరకు చూసి ఆగిపోయాడు. ఆయన ఒక్కణ్ణే అనడానికి లేదు, చాలామంది అక్కడే ఆగుతారు.

ఇంటినుంచి తెచ్చిన కొమ్మ అడుగున పుల్లగట్టింది. ఆకు అంచు రంపపు పళ్ళలా ఉంది, కాడ మీద నూగు, పూలు ఊదా. గంపలోవి కొమ్మలు కావు, వేళ్ళతో సహా పీకిన మొక్కలు. జానెడూ మూరెడూ ఉన్నాయి. వేరు సన్నగా, ఒకే పోగుగా, చిటికెన వేలితో లాగితే ఊడివచ్చేలా ఉంది. ఒక్క ఏడాదిలో మొలిచి, పూసి, గింజ రాల్చి చచ్చిపోయే మొక్క వేరు అది. ఆకులు సన్నం, అంచుకు పళ్ళు దాదాపు లేవు. పూలు తెలుపు. ఎండిన పూలగిన్నె విప్పి అద్దం పెడితే లోపల గొంతు దగ్గర తెల్లటి నూగు వలయం కనిపించింది. ఇంటి తులసి పూలగిన్నెలో అది లేదు. ఆకు నలిపాను. తులసి వాసన కాదు. కర్పూరంలో నిమ్మతొక్క కలిపినట్టు ఘాటుగా ఉంది.

"రెండు గ్లాసుల్లో నీళ్ళు తెప్పించండి" అన్నాను.

రెండింటి గింజలూ చెరొక గ్లాసులో వేశాను. పావుగంటకు గంపలో మొక్క గింజలు ఉబ్బి, ఒక్కొక్కటి తెల్లటి జిగురు తొడుక్కుని కూర్చున్నాయి, షర్బత్‌లో వేసే సబ్జాలాగే. ఇంటి తులసి గింజలకు పలచటి పొర తప్ప ఏమీ పట్టలేదు.

"ఇది తులసి కాదు. కుక్కతులసి. ఎవరూ నాటరు, దానంతటదే మొలుస్తుంది. ఆదెన్న ఇంటికీ మీ గంపకూ ఉన్న చుట్టరికం తెగిపోయింది" అన్నాను.

రంగనాయకులు గ్లాసులవైపు చూడను కూడా చూడలేదు. "పేరు మారింది, అంతే కదా! పొలాల్లో మొలిచే మొక్కయితే గొర్రెలు కాసేవాడికి ఇంకా సులువు. సరిదిద్ది రాసుకుంటాం."

మాట తప్పు కాదు. అందుకే ఒళ్ళు మండింది. గంప అడుగున ఇంకో ఆకు ఒకటి దొరికింది. మందంగా, నున్నగా ఉంది. వెలుతురుకు ఎత్తి పడితే ఆకు నిండా సూదిమొన పొడిచినట్టు చుక్కలు. తొడిమకు రెండు వైపులా సన్నటి రెక్క, ఆకు మొదట్లో అతుకు. దాన్ని చూపించకుండా కవర్లో వేసుకున్నాను.

పదకొండుకు జమ్మలమడుగు సబ్‌జైల్లో ఆదెన్నను చూశాను. నలభై ఏళ్ళ మనిషి. ఎడమ చెంప ఇంకా వాచి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ముందు తన ప్రశ్న అడిగాడు.

"మంద ఎవురు తోలుకుపోతాండారు సార్?"

"నీ పెండ్లాం మీ బావమరిదిని పెట్టిందంట. ఇది సూడు, ఏంది ఇది?"

గంపలోంచి తెచ్చిన మొక్క రెమ్మ అందుకుని వాసన కూడా చూడలేదు. "కుక్కతులసి. గొర్రె మూతి పెట్టదు."

"మీ పొలాల్లో ఇప్పుడు ఉండాదా?"

"ఇప్పుడా!" అతను నన్ను జాలిగా చూశాడు. "కార్తీకంలో పడిందే ఆఖరి వాన. శివరాత్రికే ఎండి రాలిపాయ. మళ్ళా వాన పడి గింజ మొలిస్తేనే. ఇప్పుడు మాకాడ పచ్చగా ఉండేది ఏమన్నా ఉంటే మా గొర్రెలు ఊరుకుంటాయా?"

"మరి ఎండాకాలంలో పచ్చిది యాడ దొరుకుతాది?"

"బోరునీళ్ళు పారే సోట. పులివెందుల పక్క చీనీతోటల్లో సూసినా. పాదుల్లో కలుపు మాదిరి లేస్తాది. ఆడోళ్ళు పీకి గట్టున పారేస్తారు."

చీనీ! బత్తాయిని మా సీమలో అలాగే అంటారు. కవర్లో ఆకు మరోసారి బయటికి తీశాను. తొడిమకు రెక్క ఉన్న ఆ ఆకు చీనీ ఆకే. నాకు కాలేజీలో మూడేళ్ళు చెప్పిన చదువును ఈ మనిషి మూడు ముక్కల్లో ముగించాడు. గంప సర్దినవాడు చేసిన పొరపాటు కూడా అప్పుడే అర్థమైంది. కొత్తకొట్టాలవాడెవడైనా బాంబుల కింద వరిగడ్డి వేస్తాడు, వేరుశెనగ పొట్టు వేస్తాడు. మే నెలలో పచ్చి కలుపు తెచ్చి వేయాలన్న ఆలోచనే రాదు, లేదు కనుక. ఏడాది పొడుగునా నీళ్ళున్నవాడికి మాత్రం పచ్చటిది కనిపించినా ప్రత్యేకంగా తోచదు. కాలికి అడ్డొచ్చిన కలుపు తీసి గంపలో కుక్కాడు.

"శుక్రవారం రాత్రి యాడ పండుకున్యావు?"

"మంద కాడ. అలివేలమ్మ చేన్లో మూడు రాత్రుల నుంచి మంద కట్టినాం, ఎరువుకు. మంద కట్టినప్పుడు నిద్ర ఆడనే. గుడిసెలో ఎవురూ ఉండరు."

"ఆ చేను వంకకు ఎంత దూరం?"

"గట్టు దిగితే వంకే."

"జీపు మీద బాంబులు ఎంతమంది వేసినారు?"

"ఎవురు..." అని నోరు తెరిచి, మూసుకున్నాడు. కళ్ళు నేల మీదికి దిగాయి. "నాకు తెల్దు సార్. నేను ఏమీ సూడలేదు."

ఎంత అడిగినా ఆ తర్వాత అదే మాట.

పన్నెండూ ముప్పావుకు ప్రొద్దుటూరు చేరాను. డ్రైవరు వెంకటేశు ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో, గదికి ఒకే మంచం ఉన్నచోట పడుకుని ఉన్నాడు. జీపు డ్రైవరు జీతానికి ఆ గది రాదు. గది బయట ఇద్దరు మనుషులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నా కార్డు చూపించి తలుపు వేశాను.

వాంగ్మూలం అప్పజెప్పినట్టు చెప్పాడు. వంకలో దిగుతాంటే ఎదురుగా గట్టు చాటునుంచి ఆరుగురు లేచినారు, ముందుపక్కనుంచి బాంబులు ఏసినారు, వాళ్ళలో ఆదెన్నను గుర్తుపట్టినాను.

"నువ్వు యాడికి తిరిగి ఉండావు అప్పుడు?"

"ముందుకే సార్. స్టీరింగు మీద ఉంటి గదా."

"ముందు అద్దం?"

"పగిలిపాయ."

"మొగం మీద ఒక్క గీత లేదే? రొమ్ము మీద లేదే?" దుప్పటి తీశాను. కట్లు రెండు పిక్కల వెనక, తొడల వెనక, మడమల మీద ఉన్నాయి. మోకాలి చిప్పలు శుభ్రంగా ఉన్నాయి. "ముందునుంచి వేసిన బాంబు నీ వెనకనుంచి, కిందనుంచి ఎట్ల తగిలింది వెంకటేశూ?"

వెంకటేశు గోడవైపు తల తిప్పుకున్నాడు. తలుపు అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఈ మాట నిన్ను ఎవరూ అడగలేదా?"

"అడగలా సార్. రాసుకోనొచ్చినారు, సంతకం పెడితి." కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు, "ఆదెన్న బాగుండాడా? కొట్టినారా శానా?"

తనను చంపబోయిన మనిషి బాగోగులు అడిగేవాణ్ణి నా ఉద్యోగంలో నేను చూడలేదు. నాకు అది చాలు. జీపు చూడాలి.

రెండూ పదికి తిరిగి స్టేషన్ పెరట్లో ఉన్నాను. జీపు రేకుల షెడ్డు కింద ఉంది. పైన టార్పాలిన్. కేసు ఫైల్లో దాని ఫోటోలు పదకొండు ఉన్నాయి, అన్నీ బయటనుంచి తీసినవే. లోపల ముందు సీటు వెనక కొత్త గోనెపట్టా పరిచి ఉంది. దాన్ని తొలగించాను.

రేకులో రెండు జానల బొక్క. అంచులు కిందికి, రోడ్డువైపుకి వంగి ఉన్నాయి. బాంబు బయట పడితే రేకు లోపలికి రావాలి. ఇది లోపల, నేలరేకు మీదే పేలింది. డ్రైవరు సీటు వెనక, సరిగ్గా పిక్కల ఎత్తున సీటు ఇనుము చీలికలైంది. వెనక తలుపు దగ్గర అతుకుల్లో ఏవో తెల్లటి పొక్కులు ఎండి అంటుకుని ఉన్నాయి. రక్తం పోవడానికి జీపు కడిగించారు. కడిగిన నీళ్ళు వీటికి కూడా తగిలాయి. గోటితో ఒకటి గీరి, అరచేతిలో నీటి బొట్టు వేసి ఆగాను. కాసేపటికి మళ్ళీ ఉబ్బింది. మధ్యలో నల్లటి గింజ, చుట్టూ జిగురు. కుక్కతులసి!

చెప్పకుండా ఉండలేను, ఆ క్షణాన నాకు సంతోషం వేసింది. ఇరవై ఏళ్ళ కిందటి ప్రాక్టికల్ పరీక్ష ఇవాళ పాసైనట్టు.

"పెరట్లో ఏం పని మీకు?" రంగనాయకులు నా వెనక నిలబడి ఉన్నాడు.

"హత్య లేదు సి.ఐ. గారూ." నేను లేచాను. "గంపలు రెండు. రెండూ ఈ జీపులోనే ఉన్నాయి. పులివెందుల పక్క ఒక చీనీతోటలో సర్దినవి. ఓబులేసు వాటిని పెట్టుకుని ఎవరి ఇంటిమీదికో పోతున్నాడు. వంకలో రాయెక్కి జీపు ఎగిరింది, ముందు సీటు వెనక గంప పేలింది. వెనక తలుపు దగ్గరున్న గంప ఇసుకలో పడి మిగిలింది. తన బాంబుతో తనే పోయాడని చెప్పుకుంటే పార్టీ పరువు పోతుంది, ఎదుటివాళ్ళు పద్నాలుగు మంది ఊళ్ళో మిగులుతారు. మీరు 7:05కి వచ్చారు. 7:30కి గంప ఆదెన్న గుడిసెలో ఉంది. ఆ ఇరవై ఐదు నిమిషాల్లో దాన్ని మోసిందెవరు?"

"నోరు జాగ్రత్త."

"పచ్చి తులసి అని రాసింది మీ చెయ్యే. పచ్చి అన్న ముక్క లేకపోతే నాకు కష్టమయ్యేది."

ఆయన ముఖం ఎర్రబడింది, తర్వాత మామూలైంది. ఆ మామూలు కావడం నేను గమనించాల్సింది. "మంచి కథే. గింజా రేకూ బోనెక్కి మాట్లాడవు కదా. డ్రైవరు మాట మార్చడు. బయటనుంచి ఎవరూ వేయలేదని చెప్పే మనిషేడీ?"

"ఉన్నాడు" అన్నాను.

"ఎవరు?"

"వంక గట్టు మీద మూడు రాత్రులుగా మంద కట్టి ఉంది. జీపు దానంతటదే పేలడం కళ్ళారా చూసినవాడు ఒక్కడే, ఆదెన్న. మీరు ముద్దాయిని చేసింది ఈ కేసుకున్న ఒకే ఒక్క సాక్షిని."

రంగనాయకులు టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "నేను ఈ జిల్లాకు వచ్చి నాలుగు నెలలే అయింది దేవపాలు గారూ. నన్ను ఇందులోకి లాగారు. మీరు పై వాళ్ళకు రాసేముందు నా తప్పు నన్ను దిద్దుకోనివ్వండి. కస్టడీ పిటిషను వెనక్కి తీసుకుంటాను. ఆదెన్న మీద సాక్ష్యం లేదని 169 కింద మెమో వేసి, జామీను మీద ఇవాళే విడిపిస్తాను."

నేను అడగదలచుకున్నది అంతా అడగకముందే ఇచ్చేశాడు. ఓడిపోయిన మనిషి అంతే అనుకున్నాను. ఆయన రెండూ నలభైకి బయల్దేరాడు. నేను ఉండిపోయాను. గింజలకూ రేకుకూ ఇద్దరు పెద్దమనుషుల ముందు పంచనామా రాయించి, సంతకాలు తీసుకుని, సీలు వేసేసరికి మూడూ ముప్పావు అయింది. కాగితాల పని దగ్గర నేను తొందరపడను. అందరూ మెచ్చుకుంటారు కూడా.

నాలుగూ ఇరవైకి జమ్మలమడుగు కోర్టులో బెంచి క్లర్కు, పిటిషను ఉపసంహరించారనీ, మెమో మీద మూడున్నరకే ఆర్డరు అయిందనీ చెప్పాడు. సబ్‌జైలు గేటు దగ్గరికి వెళ్ళేసరికి నాగులమ్మ ఉంది. కబురు తెలిసి బస్సులో వచ్చింది. చేతిలో ఉతికిన పంచె, టిఫిను క్యారియరు. నన్ను చూసి నమస్కారం పెట్టింది. ఆ ఐదు రోజుల్లో ఆ ముఖం మీద నవ్వు అదే మొదలు అయివుంటుంది.

"ఆదెన్నను పిలవండి" అన్నాను వార్డరుతో.

"మూడూ యాభైకే వదిలేస్తిమి గదా సార్. జామీనుదార్లు వచ్చినారు, ఇద్దరు. బందువులమని చెప్పి చెయ్యి పట్టుకోని జీపులో ఎక్కించుకుపాయిరి."

"ఎక్కినాడా?"

"రానని గేటు పట్టుకున్యాడు. సంతోషానికి బుర్ర తిరిగిందేమో అనుకుంటిమి."

విడుదల పుస్తకంలో రెండు పేర్లూ, రెండు సంతకాలూ చూశాను. ఊరు పులివెందుల తాలూకా. వార్డరును అడిగి, వైర్‌లెస్ సెట్లో కంట్రోలు రూముకు జీపు రంగు చెప్పి, పులివెందుల దారులన్నీ ఆపమన్నాను. అప్పటికి ముప్పై ఐదు నిమిషాలు గడిచాయి. ముద్దనూరు దాటడానికి అంత అక్కర్లేదు.

నాగులమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. పంచె మడత విప్పుతూ, మళ్ళీ మడుస్తూ ఉంది.

"మాకు జీపులుండే బందువులు యాడుండారు సార్?"

నేను విడుదల పుస్తకం మూశాను.

"ఆయప్ప సూసిన సంగతి నాకొక్కదానికే చెప్పినాడు, పట్టుకుపోయే ముందు. సచ్చినా బయట అనొద్దన్యాడు. నేను నోరు తెరవలా. మీకిచ్చిన అర్జీలో గూడా రాయించలా." ఆమె గొంతు పెద్దది కాలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతోంది. "మరి వాళ్ళకు ఎవురు చెప్పినారు సార్?"

"నేనే చెప్పినానమ్మా" అన్నాను.